కారు మైలేజీ, పెట్రోల్ ఖర్చు: హైదరాబాద్ కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలో పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉండటం వల్ల మన నగరంలో ఇంధనం మిగతా మహానగరాలతో పోలిస్తే ఖరీదైనదే. అందుకే మైలేజీ గురించిన సందేహాలు, కొన్ని దశాబ్దాల పాతవి కూడా, మళ్లీ మళ్లీ ముందుకు వస్తున్నాయి. వాటిని ఇక్కడ దశల వారీగా సమకూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కనుక మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. లెక్కలన్నింటిలోనూ లీటరు పెట్రోల్ 107 రూపాయలుగా తీసుకున్నాను; మీరు చదివేనాటికి ధర మారి ఉంటే ఆ మేరకు సవరించుకోండి.

## లెక్క మొదలుపెట్టే ముందు

కంపెనీ వాళ్లు లీటరుకు 22 అన్నారు, నాకు 14 దాటట్లేదు. మోసపోయానా?

మోసం కాదు, ఆ అంకెను కొలిచిన పరిస్థితులు వేరు. షోరూములో చెప్పే మైలేజీని ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నిలిపి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ సుమారు 20 నిమిషాలపాటు నడిపి తేలుస్తారు. ఆ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ వేయరు, బంజారాహిల్స్ ఎత్తులు ఉండవు, సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట చౌరస్తా ఉండదు. రెండు కార్లలో ఏది తక్కువ తాగుతుందో పోల్చుకోవడానికి ఆ అంకె పనికివస్తుందే తప్ప మీ నెల ఖర్చును ముందుగా చెప్పడానికి పనికిరాదు. పూర్తిగా నగరంలోనే, ఏసీతో, రద్దీ వేళల్లో తిరిగే చిన్న పెట్రోల్ కారు కంపెనీ చెప్పినదాంట్లో 60 నుంచి 70 శాతం ఇస్తుంటే ఆ కారుకు రోగమేమీ లేదనే అనుకోవాలి.

మైలేజీ సరిగ్గా ఎలా కొలవాలి? డ్యాష్‌బోర్డులో చూపించేది నమ్మొచ్చా?

ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవడమే నమ్మదగిన పద్ధతి. బంకులో గన్ను మొదటిసారి దానంతట అది ఆగేదాకా పట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు మామూలుగా తిరిగి, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్‌ఆఫ్ దాకా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. ఒక్కసారి వచ్చిన అంకెను పట్టించుకోకుండా వరుసగా మూడు నాలుగు ట్యాంకుల సగటు తీయాలి, ఎందుకంటే గన్ను కొద్దిగా ముందో వెనకో ఆగినా లీటరు తేడా సులభంగా వస్తుంది. డ్యాష్‌బోర్డు అంకె చాలా కార్లలో అసలుకంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. అయినా నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి అది చాలు.

ఇంత కష్టపడితే నెలకు నిజంగా ఎంత మిగులుతుంది?

ఇది ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 12 ఇస్తుంటే ఇంధనానికి 8,900 రూపాయల పైచిలుకు అవుతుంది. అది 14కు పెరిగితే 7,650 దగ్గర ఆగుతుంది. అంటే నెలకు 1,250 రూపాయల పైన, ఏడాదికి 15,000 మిగులు. మీరు నెలకు తిరిగేది 300 కిలోమీటర్లే అయితే అదే మెరుగుదల నాలుగు వందల దగ్గర ఆగిపోతుంది. అటువంటివారు మైలేజీ కోసం విడిభాగాలు కొనడం దండగ.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మైలేజీలో రెండు కిలోమీటర్ల పెరుగుదల అందరికీ ఒకే ఆదా తీసుకురాదు. 1,000 కిలోమీటర్లకు 10 ఇచ్చే కారు 100 లీటర్లు తాగుతుంది, 12 ఇస్తే 83 లీటర్లు చాలు. ఆదా 17 లీటర్లు. అదే 18 ఇచ్చే కారును 20కి తెచ్చినా మిగిలేది ఐదున్నర లీటర్లే. ఇంట్లో ఒక ఎస్‌యూవీ, ఒక చిన్న కారు ఉంటే మీ శ్రద్ధ ఎస్‌యూవీ మీద పెట్టండి, ఒక్కరే వెళ్లే పనులకు చిన్న కారు తీయండి.

## బంకు దగ్గర

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాక మైలేజీ తగ్గింది. ఇది నా భ్రమా?

భ్రమ కాదు, కానీ కొందరు చెప్పుకునేంత తగ్గుదలా కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన 20 శాతం కలిపిన పెట్రోల్‌లో శక్తి, ఏమీ కలపని పెట్రోల్ కంటే ఆరేడు శాతం, అంతకుముందు మనం వాడిన 10 శాతం మిశ్రమం కంటే సుమారు మూడున్నర శాతం తక్కువ. లీటరుకు 14 ఇచ్చిన కారు 13.5 ఇవ్వడం సహజమే. 14 నుంచి 11కు పడిపోతే మాత్రం ఆ నేరం ఇథనాల్‌ది కాదు, కారులో వేరే లోపం వెతకాలి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో ఇంధనం తగిలే రబ్బరు భాగాలు, గొట్టాలు ఈ మిశ్రమానికి తట్టుకునేలా ఉంటాయి. అంతకంటే పాత కారు అయితే ఇంధన గొట్టాలను సర్వీసింగు జరిగిన ప్రతిసారీ చూపించుకోవడం మంచిది.

ప్రీమియం పెట్రోల్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందా?

సాధారణ పెట్రోల్‌కు తయారైన ఇంజిన్‌లో చెప్పుకోదగినంత పెరగదు. ఆక్టేన్ సంఖ్య ఇంధనంలోని శక్తిని చెప్పదు. ఒత్తిడికి ఇంధనం సమయానికి ముందే అంటుకోకుండా ఎంతవరకు నిలుస్తుందో మాత్రమే చెబుతుంది. ప్రీమియం రకం లీటరుకు 7 రూపాయలు ఎక్కువ అనుకుంటే ఆ డబ్బు వెనక్కి రావడానికే మైలేజీ ఆరున్నర శాతం పెరగాలి, అంత పెరిగే అవకాశం లేదు. మీ కారు మాన్యువల్‌లో ఎక్కువ ఆక్టేన్ వాడమని స్పష్టంగా రాసి ఉంటే అది వేరే మాట. కొన్ని టర్బో ఇంజిన్లకు, ఖరీదైన కార్లకు ఆ అవసరం ఉంటుంది.

పొద్దున్నే పోయిస్తే, వంద బదులు నూట పది కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు కదా?

రెండూ అపోహలే. పెట్రోల్ భూగర్భ ట్యాంకులో ఉంటుంది కనుక ఉదయానికీ మధ్యాహ్నానికీ దాని ఉష్ణోగ్రత పెద్దగా మారదు. పంపు ఏ అంకెకైనా ఒకే తీరుగా కొలుస్తుంది.

బంకులో తక్కువ పోస్తున్నారని అనుమానం. ఏం చేయాలి?

మీటరు సున్నా దగ్గర మొదలైందో లేదో చూడటం మొదటి జాగ్రత్త. అనుమానం బలంగా ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రలో కొలిచి చూపించమని అడగండి. అది ప్రతి బంకులోనూ ఉండి తీరాలి, అడిగే హక్కు మీకుంది. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు హెచ్చుతగ్గులను నిబంధనలు అనుమతిస్తాయి. అంతకు మించి లోటు ఉంటే ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఇక గన్ను ఆగిన తరువాత కూడా రౌండు ఫిగరు కోసం ఇంకాస్త కొట్టించుకునే అలవాటు మానుకోవాలి. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి ద్రవ ఇంధనం చేరితే అది పాడవుతుంది, బాగుచేయించడానికి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు.

## టైర్లు, సర్వీసింగు

టైర్లలో గాలి ఎంత ఉండాలి? ఎన్ని రోజులకోసారి కొట్టించాలి?

ఎంత ఉండాలో మీ కారే చెబుతుంది: డ్రైవరు వైపు తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. దాని మీద ముందు టైర్లకు, వెనక టైర్లకు, ఇద్దరు కూర్చున్నప్పుడు, కారు నిండుగా ఉన్నప్పుడు విడివిడిగా అంకెలుంటాయి. బంకులో గాలి కొట్టే కుర్రాడు ఆ స్టిక్కరు వైపు చూడడు. 'ఎంత సార్?' అని అడిగినట్టే అడిగి, మీరు నోరు విప్పేలోగా అన్నింటికీ 35 పెట్టేస్తాడు. అంకె మీరే చెప్పి, మీటరు చూసి, వాల్వు మూతలు తిరిగి పెట్టాడో లేదో గమనించి కదలండి.

టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు చూసిన గాలే లెక్క. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే గాలి దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మారుతుంది. మే నెల మధ్యాహ్నం ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపి వచ్చి చూస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కనిపించడం మామూలే, దాన్ని తీయించకూడదు. తీయిస్తే మర్నాడు ఉదయానికి గాలి తక్కువవుతుంది. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుంది. వినడానికి స్వల్పమే, కానీ నెలల తరబడి చూడని కార్లలో ఎనిమిది పది పీఎస్ఐ లోటు సాధారణంగా ఉంటుంది, పైగా టైరు అంచులు అరిగి ముందుగానే మార్చవలసి వస్తుంది. పదిహేను రోజులకోసారి చూస్తే చాలు, స్టెప్నీని మరిచిపోకండి.

నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా?

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. దానికోసం విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు. క్రమం తప్పకుండా చూసుకునే ఉచిత గాలి చాలు.

నెల క్రితం దాకా బాగానే ఇచ్చింది, ఉన్నట్టుండి మైలేజీ పడిపోయింది. ఎక్కడ వెతకాలి?

ముందు మీ దినచర్యలో ఏమైనా మారిందా చూడండి. వేసవి మొదలై ఏసీ పెరిగిందా, ఆఫీసు మారిందా, మీరు వెళ్లే దారిలో తవ్వకాలు మొదలయ్యాయా? అవేవీ లేకపోతే కారు వైపు తిరగాలి.

మొదటి అనుమానం బ్రేకుల మీద. వాన నీటిలో తిరిగిన తరువాత, లేదా చాలా రోజులు కదలని తరువాత కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పట్టేసి ఒక చక్రానికి బ్రేకు పూర్తిగా వదలకపోవచ్చు. దీన్ని మీరే పట్టుకోవచ్చు: ఖాళీ రోడ్డు మీద బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ కొన్ని కిలోమీటర్లు నడిపి, చదునైన చోట నెమ్మదిగా ఆపి, చక్రాలకు దగ్గరగా, తగలకుండా అరచేయి పెట్టి చూడండి. మిగతా మూడింటి కంటే ఒక చక్రం దగ్గర సెగ స్పష్టంగా ఎక్కువగా ఉంటే, కాలిన వాసన కూడా వస్తే, దోషి దొరికినట్టే. వీల్ అలైన్‌మెంట్ తప్పితే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది.

రెండో అనుమానం సెన్సర్ల మీద. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పాడైతే ఇంజిన్‌కు అవసరానికి మించి పెట్రోల్ అందుతుంది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ దీపం పసుపు రంగులో వెలుగుతూ ఉంటే, కారు మామూలుగానే నడుస్తోంది కదా అని వదిలేయకుండా స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి. అరిగిన స్పార్క్ ప్లగ్గులు, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం వల్ల ఇంజిన్ వేడెక్కకపోవడం వంటి కారణాలు కూడా ఆ స్కానులో చాలావరకు బయటపడతాయి.

సర్వీసింగుకు ఇస్తే డీకార్బనైజింగు (ఇంజిన్‌లో పేరుకున్న మసి తీయడం), ఇంజెక్టర్ క్లీనింగు అంటున్నారు. మైలేజీ కోసం చేయించాలా?

లక్షణాలేవీ లేని కారుకు అవసరం లేదు. ఐడ్లింగులో (కారు ఆగి ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు) వణుకు, పికప్ తగ్గడం వంటివి ఉండి, మెకానిక్ కారణం చూపించగలిగితే చేయించడంలో అర్థముంది. మాన్యువల్‌లో ఉన్న షెడ్యూలులో లేని ప్రతి పనికీ, 'ఇది చేయకపోతే ఏమవుతుంది?' అని అడగండి. ఎయిర్ ఫిల్టరు విషయంలో కూడా ఒక పాత నమ్మకం కొనసాగుతోంది. కార్బురేటర్ (పాత కార్లలో పెట్రోల్‌ను గాలితో కలిపే పరికరం) కాలంలో మురికి ఫిల్టరు మైలేజీని తినేసేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో లోపలికి వచ్చే గాలిని కొలిచి దానికి తగినంతే ఇంధనం వదులుతారు కనుక పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు. అయినా మన దుమ్ముకు ఫిల్టరును సమయానికి మార్చాలి, అది ఇంజిన్ ఆయుష్షు కోసం.

ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటే మంచిదని మా మెకానిక్ అంటాడు. నిజమేనా?

మీ ఇంజిన్‌కు కంపెనీ సూచించిన గ్రేడే మంచిది. ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావాటికి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి పలుచని నూనెలు సూచిస్తారు. వాటి బదులు చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే దాన్ని కదిలించడానికే ఇంజిన్ అదనంగా శ్రమపడి ఒకటి రెండు శాతం మైలేజీ పోతుంది. పలుచని నూనెకు తయారైన సన్నని దారుల్లో చిక్కటి నూనె సమయానికి అందకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయించాను. దానివల్ల తగ్గుతుందా?

తగ్గుతుంది. వెడల్పు పెరిగితే రోడ్డుతో రాపిడి, చక్రం బరువు పెరుగుతాయి. మొత్తం చుట్టుకొలత కూడా మారితే ఓడోమీటరు లెక్కే తప్పుతుంది, అప్పుడు మీరు కొలిచే మైలేజీ కూడా నమ్మదగినది కాదు.

## నగరంలో నడిపేటప్పుడు

ఎలాగూ ట్రాఫిక్‌లోనే ఉంటాను. నేను నడిపే తీరు మార్చుకుంటే ఒరిగేదేముంది?

ట్రాఫిక్‌లోనే ఎక్కువ ఒరుగుతుంది. మైలేజీ గురించి ఒకే ఒక్క మాట చెప్పమంటే నేను చెప్పేది ఇదే: పెట్రోల్ ఖర్చుపెట్టి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకు నొక్కి వేడిగా మార్చడమే నగరంలో అతిపెద్ద దుబారా. మనుషులతో కలిపి 1,100 కిలోల బరువున్న కారును ఆగిన చోటు నుంచి 60 వేగానికి తేవడానికి సుమారు 18 మిల్లీలీటర్ల పెట్రోల్ పడుతుంది, 40 వేగానికి అయితే 8 మిల్లీలీటర్లు చాలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దానికి పెట్టే శక్తి రెండుంబావు రెట్లు పెరగడం దీనికి కారణం. బయోడైవర్సిటీ కూడలి దాటి ముందు నాలుగు వందల మీటర్లు ఖాళీ కనిపించగానే 60కి తెచ్చి, ఐకియా దగ్గరి వరుస వెనక గట్టిగా బ్రేకు వేసే కారూ, 40 దగ్గర నిలకడగా వచ్చిన కారూ అదే వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. మొదటి కారు కొన్నది పది మిల్లీలీటర్ల వేడి మాత్రమే. ఇలాంటి సందర్భాలు రాకపోకల్లో రోజుకు నలభై యాభై వస్తాయి. అర లీటరు అక్కడే పోతుంది.

ఆచరణలో చేయవలసింది చూపును దూరం సాచడం. ముందున్న కారు బంపరును కాకుండా దాని ముందు మూడు నాలుగు వాహనాలను చూడండి. ఎక్కడో బ్రేకు దీపాలు వెలగగానే, సిగ్నల్ టైమరులో ఎర్ర అంకె ఇంకా నలభై ఉందని కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, కారు దానంతట అది నెమ్మదిస్తుంది. మీరు వదిలిన ఖాళీలోకి ఒక ఆటోనో రెండు బైకులో దూరతాయి, దూరనివ్వండి. హాఫ్ క్లచ్ మీద కారును ఇంచి ఇంచీ జరపడం కంటే, ముందు పది అడుగుల ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదలడం పెట్రోల్‌కూ క్లచ్ ప్లేట్లకూ మేలు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా? మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుందంటారు?

ఆ మాట కార్బురేటర్ నాటిది. ఇంజెక్షన్ ఇంజిన్‌ను తిరిగి స్టార్ట్ చేయడానికి పట్టే ఇంధనం సుమారు పది సెకన్ల ఐడ్లింగుకు సమానం. టైమరులో 30 సెకన్లకు మించి కనిపిస్తే ఆపడం లాభమే. చిన్న పెట్రోల్ ఇంజిన్ ఊరికే నిలబడి గంటకు అర లీటరు పైన, ఏసీతో లీటరు చుట్టూ తాగుతుంది. అంటే ఏసీతో నిలబడిన ప్రతి నిమిషానికీ 1.80 రూపాయలు. ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకు దాన్ని తట్టుకునే బ్యాటరీ, స్టార్టరు ఉంటాయి కనుక ఆ బటన్‌ను ఆపేయకండి. అది లేని కారులో అయిదు సెకన్లకోసారి కదిలే వరుసలో ఆపి స్టార్ట్ చేస్తూ కూర్చోనక్కర్లేదు. పాత బ్యాటరీ ఉన్నవారు పొడవైన ఎర్ర దీపాల దగ్గరే ఈ పని చేయాలి.

మా డ్రైవరు పార్కింగులో ఏసీ వేసుకుని కూర్చుంటాడు. అదెంత ఖర్చు?

గంటకు దాదాపు లీటరు, అంటే నూరు రూపాయల పైనే. అలాగని మే నెల ఎండలో మనిషిని మాడిపొమ్మనలేం. ఆయన కూర్చోవడానికి నీడ, ఫ్యాను ఉన్న చోటు చూపించడం యజమాని బాధ్యత. చాలా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో డ్రైవర్ల గది ఉంటుంది, అడిగి తెలుసుకోండి. బయలుదేరే పది నిమిషాల ముందు ఫోన్ చేస్తే కారు చల్లబరచడానికి ఆ సమయం చాలు.

ఏ వేగంలో ఏ గేరు వేయాలి?

పెట్రోల్ కారులో 2,000 నుంచి 2,500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, డీజిల్‌లో 1,500 నుంచి 2,000 మధ్య పై గేరుకు మారడం మంచిది. ఇంజిన్ గొణుగుతూ వణికేంతగా పై గేరులో లాగకూడదు. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో గేరు తగ్గించి ఎక్కించడం దుబారా కాదు, అవసరం.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందా?

మిగలదు, పైగా ప్రమాదం. ఇంజెక్షన్ కారు గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, అప్పుడు ఇంజిన్‌కు ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఆగిపోకుండా ఉండటానికి ఇంజిన్ ఐడ్లింగు పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. ఇక తాళం తిప్పి ఇంజిన్ ఆపేసి దిగడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. బ్రేకు, స్టీరింగు రెండూ బిగుసుకుపోతాయి.

ఏసీ మంచిదా, అద్దాలు దించడం మంచిదా?

పెట్రోల్ లెక్క ఒక్కటే చూస్తే 60 కిలోమీటర్ల లోపు వేగంలో అద్దాలు దించడం, అంతకు మించితే అద్దాలు మూసి ఏసీ వేయడం మేలు. వేగం పెరిగేకొద్దీ తెరిచిన అద్దాల్లోంచి దూరే గాలి కారును వెనక్కి లాగుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో నగరంలో పొగ, దుమ్ము, 40 డిగ్రీల ఎండ మధ్య అద్దాలు దించమని ఎవరికీ సలహా ఇవ్వను. ఏసీ పనిని తేలిక చేయడం నయం. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడిపి వేడి గాలిని బయటికి పోనివ్వండి, తరువాత ఏసీ వేసి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి, చల్లబడ్డాక 24 లేదా 25 డిగ్రీల దగ్గర ఉంచండి. డిసెంబర్, జనవరి ఉదయాల్లో ఏసీ బటన్ అలవాటుగా వెలిగి ఉంటుంది, ఆపేయండి.

పొద్దున్న ఇంజిన్ వేడెక్కేదాకా ఆగాలా?

హైదరాబాద్ చలికి అక్కర్లేదు. అర నిమిషం చాలు. తరువాతి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజిన్ అదే వేడెక్కుతుంది. చల్లని ఇంజిన్ ఎక్కువ తాగుతుంది కనుక కూరగాయలకు ఒకసారి, మందులకు ఒకసారి, పిల్లల ట్యూషనుకు ఒకసారి విడివిడిగా కారు తీయకుండా ఒకే తిరుగుడులో ముగించుకోవడం మంచిది.

## ఔటర్ మీద, ఊరి ప్రయాణాల్లో

ఔటర్ మీద ఎంత వేగం పెడితే మైలేజీ బాగా వస్తుంది?

80 నుంచి 90 మధ్య. ఔటర్ మీద గరిష్ఠ పరిమితి 120 అయినంత మాత్రాన అది పెట్రోల్‌కు అనుకూలమైన వేగం కాదు. గాలి ప్రతిఘటన వేగం వర్గంతో పెరుగుతుంది: 80 దగ్గర ఉన్న ప్రతిఘటన 110 దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఉన్న సుమారు 24 కిలోమీటర్లకు 80 వేగంలో 18 నిమిషాలు, 110 వేగంలో 13 నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు విమానం అందుకోవడానికి అవసరమైతే సరే. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ సూచించే 45–55 వేగం మామూలు రోడ్లకు వర్తిస్తుంది, ఔటర్ మీద అంత నెమ్మదిగా వెళ్లడం వెనక వచ్చేవారికి ప్రమాదం. 80లో వెళ్లేవారు కుడివైపు వరుసలు వదిలి ఎడమవైపు వరుసల్లో ఉండాలి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పైన క్యారియర్ మీద సామాను కడితే ఎంత తేడా?

హైవే వేగంలో చాలా తేడా ఉంటుంది. పైకప్పు మీది సామాను బరువు కంటే గాలికి అడ్డుపడటమే ఎక్కువ తింటుంది. అదే సామాను డిక్కీలో ఉంటే 50 కిలోలకు సుమారు ఒక శాతం నష్టంతో పోతుంది. పండుగ అయిపోయాక ఖాళీ క్యారియర్‌ను కూడా విప్పించండి, అది ఏడాదంతా గాలిని ఆపుతూనే ఉంటుంది. విజయవాడ రహదారిలో పంతంగి టోల్ దగ్గర పండుగ ముందు రోజు గంటసేపు నిలబడితే పోయే పెట్రోల్ సామాను వల్ల పోయేదానికి తక్కువేమీ కాదు, వీలైతే తెల్లవారుజామునే బయలుదేరండి.

క్రూయిజ్ కంట్రోల్ వాడొచ్చా?

ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద వాడితే మేలు. ఎత్తుపల్లాలు ఎక్కువున్న చోట అది వేగం నిలపడానికి ఎత్తుల్లో అనవసరంగా లాగుతుంది, అక్కడ కాలే నయం.

## డబ్బు పెట్టి ఏదైనా మార్చాలనుకుంటే

ఫ్యూయల్ సేవర్ పరికరాలు, అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు పనిచేస్తాయా?

కొనకండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. వాటిలో ఏ కొద్దివాటికో స్వల్ప ప్రయోజనం తప్ప కనిపించలేదు. పెట్రోల్ గొట్టానికి చుట్టే అయస్కాంతం ఇంధనాన్ని ఏమీ చేయలేదు. ఓబీడీ సాకెట్లో (స్కానర్ తగిలించే చోట) గుచ్చే చౌక డబ్బాల్ని విప్పిచూస్తే చాలావాటిలో మెరిసే దీపాలు తప్ప ఉండవు. ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించడం, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ మార్పించడం, నిజంగా మార్పు తెచ్చే పనే, కానీ వారంటీ పోతుంది.

సీఎన్‌జీ కిట్ వేయించుకుంటే లాభమేనా?

ఎక్కువ తిరిగేవారికి లాభమే. ఉదాహరణకు వ్యాగనార్ ఒక లీటరు ఇంజిన్ మాన్యువల్ రకం పరీక్షలో లీటరు పెట్రోల్‌కు 24.35 కిలోమీటర్లు ఇస్తే, సీఎన్‌జీ రకం కిలోకు 34.05 ఇస్తుంది. అయితే మన దగ్గర గ్యాస్ ధర ఢిల్లీ కంటే ఎక్కువ కనుక అక్కడివారి లెక్కలు ఇక్కడ వేయకూడదు. కిట్ ఖర్చును కిలోమీటరుకు మిగిలే రూపాయలతో భాగించి, అన్ని కిలోమీటర్లు రెండు మూడేళ్లలో తిరగగలరా అని చూసుకోండి. ఆమోదం ఉన్న కిట్ వేయించి, ఆర్టీఏలో ఆర్సీ మీద నమోదు చేయించి, బీమా కంపెనీకి తెలియజేయాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కులో పడుతుంది. సిలిండరుకు మూడేళ్లకోసారి పీడన పరీక్ష తప్పనిసరి. డిక్కీ పోతుంది, పికప్ కాస్త తగ్గుతుంది. మీ రోజువారీ దారిలో భాగ్యనగర్ గ్యాస్ స్టేషను ఉందా, అక్కడ వరుస ఎంత ఉంటుందో ఒక వారం గమనించాకే నిర్ణయించుకోండి.

డీజిల్ తీసుకుంటే నయమా?

హైవే మీద నెలకు వేల కిలోమీటర్లు తిరిగేవారికి నయం. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య పరిమితుల ప్రమాణం) డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్ని శుభ్రపరచుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడూ అదనపు ఇంధనం మండిస్తుంది, ఆ పని పూర్తికావాలంటే కాసేపు నిలకడైన వేగం కావాలి. రోజూ కూకట్‌పల్లిలో ఐదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో అది అర్ధంతరంగా ఆగిపోతూ ఫిల్టరు మూసుకుపోతుంది.

ఉన్న కారు అమ్మేసి హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ గానీ కొంటే పెట్రోల్ ఖర్చు తప్పుతుంది కదా?

పెట్రోల్ ఖర్చు తగ్గుతుంది, మొత్తం ఖర్చు తగ్గుతుందా అన్నది మీ తిరుగుడు మీద ఆధారపడుతుంది. లీటరుకు 14 ఇచ్చే కారుకు కిలోమీటరుకు 7.60 రూపాయలు పడుతుంది. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వెళ్తుందనుకుని, ఇంటి విద్యుత్తు యూనిట్‌కు 10 రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర దగ్గర తేలుతుంది. తేడా ఆరు రూపాయలు. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవారికి ఏడాదికి 36,000 మిగులుతుంది. పాత కారు అమ్మగా పైన ఆరు లక్షలు పెట్టవలసి వస్తే అది తిరిగి రావడానికి పదహారేళ్లు దాటుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవారికి అదే మొత్తం నాలుగేళ్ల చిల్లరలో వచ్చేస్తుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ప్రకటించారు, కొనేటప్పుడు ఆ తేదీని దృష్టిలో పెట్టుకోవాలి. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని తిరిగి బ్యాటరీలోకి తీసుకుంటాయి కనుక స్ట్రాంగ్ హైబ్రిడ్లు (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కారును నడపగల విద్యుత్ మోటారు ఉన్నవి) మన ట్రాఫిక్‌లోనే ఎక్కువ లాభం చూపుతాయి, ఛార్జింగు బెడద కూడా ఉండదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు ఎలక్ట్రిక్ కారుకు అడ్వాన్సు కట్టేముందు తమ పార్కింగు స్థలానికి మీటరు నుంచి తీగ లాగడానికి సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంట్లో ఛార్జింగు కుదరక బయటి స్టేషన్ల మీద ఆధారపడితే ఆ రూపాయిన్నర లెక్క నిలవదు.